కుక్కుంటే ఇల్లివ్వరా? నెల్లూరు, ఒంగోలు అపార్ట్‌మెంట్లలో చెయ్యగలిగిన పనులు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అయినా, ఒంగోలు లాయర్‌పేటలో అయినా, టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ముందు ఎంతమంది ఉంటారని అడుగుతారు, తర్వాత ఉద్యోగం ఎక్కడని అడుగుతారు. ఇంట్లో కుక్క ఉందని చెప్పిన మరుక్షణం "ఇల్లు నిన్ననే మాట్లాడుకున్నారండీ" అని పెట్టేస్తారు. ఇది జంతువుల మీద ద్వేషం అనుకుంటే పొరపాటు. నెల్లూరు జాతి గొర్రెల్లో జోడిపి ఏదో పల్ల ఏదో దూరం నుంచే గుర్తుపట్టే మనుషులున్న జిల్లా ఒకటి, ఒంగోలు గిత్తని కన్నబిడ్డ మాదిరి సాకే జిల్లా ఇంకొకటి. ఇవాళ ఫ్లాట్లకి ఓనర్లయిన చాలామంది గొడ్లచావిడి ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లే. ఆ ఇళ్లలో కుడితికి తొట్టి ఉండేది, పేడకి దిబ్బ ఉండేది, కట్టెయ్యడానికి గుంజ ఉండేది. అపార్ట్‌మెంట్ కుక్కకి వీటిలో ఏదీ లేదు. మనిషితోపాటు మూడో అంతస్తుకి వచ్చేసింది గానీ, దాని ఉచ్చకీ పెంటకీ నడకకీ ఎవరూ చోటు చూపించలేదు. కుక్కల మీద వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

పెద్ద నగరాల గేటెడ్ కమ్యూనిటీల కోసం రాసిన సలహాలు మనకి పనికిరావు. డాగ్ పార్కు పెట్టండి, ట్రైనర్‌ని పిలిపించండి అంటారు. మన దగ్గర ఉండేది పదిహేను నుంచి నలభై ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు, కింద స్టిల్ట్ పార్కింగ్, ప్రహరీకీ బిల్డింగుకీ మధ్య నాలుగైదు అడుగుల సందు, ఒక వాచ్‌మన్ కుటుంబం. చెయ్యగలిగిందంతా ఈ కొలతల్లోనే చెయ్యాలి. చెయ్యొచ్చు కూడా.

చట్టం సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే సగం మీటింగులు దాని దగ్గరే పాడవుతాయి. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘం మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు. ఫలానా జాతి వద్దు, ఇంత సైజు దాటితే వద్దు అనకూడదు. లిఫ్టు ఎక్కనివ్వకపోవడం, ఎక్కినందుకు విడిగా డబ్బులు అడగడం కుదరదు. నిషేధం పెట్టే నిబంధనలు చెల్లవని కేరళ హైకోర్టు 2021లో తీర్పు కూడా ఇచ్చింది. ఇదంతా సంఘానికి వర్తించేది. తన ఫ్లాటు ఎవరికి అద్దెకివ్వాలనేది ఓనరు నిర్ణయం. ఓనరు ఒప్పుకుని ఇచ్చాక, సంఘం మధ్యలో వచ్చి కుక్కని పంపించెయ్యమని ఒత్తిడి చెయ్యడమే తప్పు. భరించలేక జంతువుని ఎక్కడో వదిలేసి రావడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. ఈ కాగితాలన్నీ జేబులో ఉంచుకోండి గానీ, మొదటి మాటగా బయటికి తియ్యకండి. నోటీసుతో గొడవ మొదలైతే ఇరుగుపొరుగు తిరిగి కలవడం కష్టం.

ముందు ఉచ్చకి చోటు

మనం చోటు చూపించకపోతే మగకుక్క తన చోటు తానే వెతుక్కుంటుంది. అది ఎప్పుడూ పక్కింటివాళ్ల స్కూటర్ టైరే అవుతుంది. నిలువుగా ఉన్నదాని మీద, ఇంకో కుక్క వాసన ఉన్నదాని మీద పొయ్యడం వాటి స్వభావం. కాబట్టి అలాంటి నిలువు వస్తువునే మనం ముందుగా పెట్టాలి.

వెనక సందులో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు గుంట చాలు. నాలుగైదు కుక్కలున్న అపార్ట్‌మెంట్‌కి సరిపోతుంది. అడుగున నాలుగంగుళాలు 40 మి.మీ. కంకర, దాని మీద నాలుగంగుళాలు 20 మి.మీ. కంకర, ఆ పైన పచ్చటి షేడ్ నెట్ ఒక పొర, అన్నిటికంటే పైన నాలుగంగుళాలు ముతక ఇసుక. షేడ్ నెట్ వెయ్యకపోతే మొదటి వానకే ఇసుక కంకరలోకి దిగిపోయి గుంట బిగుసుకుంటుంది, ఉచ్చ పైనే నిలబడుతుంది. సన్న ఇసుక వాడినా అదే గతి. గుంట మధ్యలో రెండున్నర అడుగుల ఎత్తు వచ్చేట్టు నాలుగంగుళాల పీవీసీ పైపు ఒకటి పాతండి. మొదటి వారం రోజులు ఉచ్చలో తడిపిన పాత గుడ్డని దానికి చుడితే కుక్కలకి పాఠం చెప్పక్కర్లేదు. వారానికి రెండుసార్లు రెండేసి బక్కెట్ల నీళ్లు కుమ్మరించాలి. మూడు నెలలకోసారి పై రెండంగుళాల ఇసుక తీసి కొత్తది పొయ్యాలి.

గుంట ఎక్కడ తవ్వుతున్నామన్నది లోతుకంటే ముఖ్యం. సంపు, బోరు ఉన్న వైపు తవ్వకూడదు. ఇంకుడు గుంతకి దగ్గరలో అసలు వద్దు, ఆ నీళ్లు మళ్లీ మన బోరులోకే వస్తాయి. బిల్డింగు చుట్టూ సంపూ బోరూ ఇంకుడు గుంతా అన్నీ పరుచుకుని ఉంటే నేల తవ్వడం మానేసి, నాలుగడుగులు బై మూడడుగుల ఫైబర్ ట్రేలో కృత్రిమ గడ్డి పరిచి, దాని అడుగు నుంచి పైపు డ్రైనేజీ ఛాంబర్‌కి కలపండి. మధ్యలో నీళ్లు నిలిచి కంపుని ఆపే వాటర్ ట్రాప్ పెట్టకపోతే డ్రైనేజీ కంపు ట్రేలోంచి పైకి వచ్చి, ఆ నింద కుక్క మీద పడుతుంది. ఒంగోలులో వేసవి నీళ్ల ఎద్దడి తెలిసిందే కాబట్టి, అక్కడ ట్రే కడగడానికి ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు పట్టి ఉంచుకుంటే ఎవరూ నోరెత్తరు.

పక్కనున్న ఖాళీ ప్లాటుకి తీసుకెళ్తే సరిపోతుంది కదా అనుకునేవాళ్లు ఎక్కువ. ఆ ప్లాటుకీ ఒక ఓనరుంటాడు. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి అసలు వానలు. పొదలు మోకాలెత్తు పెరుగుతాయి, రక్తపింజరలు తిరుగుతాయి. టార్చి లేకుండా కుక్కని అందులోకి వదలడం ప్రమాదం.

పెంట తియ్యడానికి ఖరీదైన సంచులు అక్కర్లేదు. కుక్క వంగగానే కింద న్యూస్‌పేపరు రెండు మడతలు జరిపితే నేలకి అంటదు. పేపర్లోది ఇంట్లో టాయిలెట్లో వేసి నీళ్లు కొట్టి, పేపరు మాత్రం చెత్తలో వెయ్యాలి. పేపరుతో సహా వేస్తే పైపు పూడుతుంది. పిల్లి లిట్టర్ (పిల్లి దొడ్డికి ట్రేలో పోసే మట్టి) అయితే కొంచెం కూడా టాయిలెట్లో వెయ్యకూడదు. బెంటొనైట్ మట్టి నీళ్లు తగిలితే ఉబ్బి ముద్ద కడుతుంది. అన్ని అంతస్తులకీ ఉమ్మడిగా ఉండే నాలుగంగుళాల పైపు మూసుకుపోతే కింది ఫ్లాటువాళ్ల బాత్రూంలోకి మురుగు ఎగదన్నుతుంది. దాన్ని మూటకట్టి చెత్తబండికే ఇవ్వాలి.

స్టిల్ట్‌లో ఉచ్చ పోస్తే వెంటనే పేపరుతో అద్ది, నీళ్లతో కడిగి, పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ కొట్టి పది నిమిషాలు వదిలెయ్యాలి. ఉత్త నీళ్లతో కడిగిన సిమెంటు నేల ఎండలో బాగానే ఉంటుంది. గాలిలో తేమ పెరగ్గానే లోపల పేరుకున్న యూరిక్ ఆమ్లం మళ్లీ వాసన లేపుతుంది. వాన పడ్డ రోజే ఫిర్యాదులు రావడానికి కారణం ఇదే. బ్లీచింగ్ పౌడర్‌ని తడి ఉచ్చ మీద చల్లకండి. ఉచ్చలోని అమ్మోనియాతో కలిసి కళ్లు, గొంతు మండించే వాయువు పుడుతుంది. ఫినాయిల్ పిల్లులకి విషం. తడి నేల మీద నడిచి ఆ పాదాలు నాకితే చాలు. పిల్లులున్న అపార్ట్‌మెంట్‌లో ఫినాయిల్ మానేసి సబ్బు నీళ్లు వాడమని వాచ్‌మన్‌కి చెప్పండి.

వాచ్‌మన్ మాట వచ్చింది కాబట్టి, ఇది గట్టిగానే చెప్పాలి. కుక్క పెంట తియ్యడం వాచ్‌మన్ పని కాదు, ఆయన భార్య పని అంతకంటే కాదు. మెయింటెనెన్స్ కడుతున్నాం కదా అని ఆ పని వాళ్ల మీదికి నెట్టేసే ఇళ్ల వల్లే కుక్కలున్న అందరికీ చెడ్డపేరు వస్తోంది. ఉమ్మడి గుంటకి నీళ్లు పొయ్యడం, ఇసుక మార్చడం ఆయన చేస్తానంటే, కుక్కలున్న ఇళ్లవాళ్లు కలిసి నెలనెలా విడిగా జీతం ఇవ్వాలి. పెంట తియ్యలేదని సంఘం తనంతట తాను జరిమానా వెయ్యడానికి 2015 మార్గదర్శకాలు ఒప్పుకోవు. అందుకని మెట్ల దగ్గర పాత పేపర్ల కట్ట ఒకటి, మూతున్న డబ్బా ఒకటి పెట్టడం జరిమానా బోర్డు కంటే బాగా పనిచేస్తుంది.

లిఫ్టు, గుమ్మం, మేడ

లిఫ్టులో కాటు కంటే పెద్ద ప్రమాదం తాడు. మనిషి లోపలికొచ్చి, కుక్క బయటే ఉండగా తలుపులు మూసుకుంటే, సన్నటి తాడుని తలుపు సెన్సర్ గుర్తించదు. లిఫ్టు కదిలిందంటే కుక్క మెడకి ఉరి పడుతుంది. సాగి ముడుచుకునే తాడు అపార్ట్‌మెంట్‌లో వాడకూడదనేది ఇందుకే. ఐదడుగుల మామూలు బెల్టు కొని, లిఫ్టు దగ్గర రెండడుగులకి కుదించి పట్టుకోండి. కుక్క పూర్తిగా లోపలికి వచ్చాకే బటన్ నొక్కండి. దాన్ని వెనక మూలకి పంపి, దానికీ తలుపుకీ మధ్య మీరు నిలబడండి. లోపల ఎవరైనా ఉంటే "రావచ్చాండీ" అని అడగండి. వాళ్లు తటపటాయిస్తే తర్వాతి ట్రిప్పుకి ఆగండి. ఎక్కే హక్కు ఉన్నా ఆగడం మర్యాద. భయం ఉన్నవాళ్లు మీ కుక్క కంటే ముందు మీ ముఖం చూస్తారు.

గుమ్మాల దగ్గర ఇంకో రకం నొప్పి ఉంది. తెల్లారకముందే లేచి కళ్లాపి చల్లి ముగ్గేసిన ఇల్లాలికి, దాన్ని కుక్క తొక్కుకుంటూ పోతే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ధనుర్మాసం నెల్లాళ్లూ గేటు దాకా ముగ్గులే ఉంటాయి. ఆ నెల పక్క గేటు నుంచి, అది లేకపోతే గోడవారగా తాడు కుదించి పట్టుకుని తీసుకెళ్లండి. పొరుగువారి గుమ్మం దగ్గర ఆగి వాసన చూడనివ్వకండి.

మేడ మీదికి కుక్కల్ని వదలడం మార్చి నుంచి మే దాకా మానుకోవాలి. వడియాలు, మిరపకాయలు, ఆవకాయకి తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు అక్కడే ఉంటాయి. ఒక్క వెంట్రుక కనపడినా ఆ ఇంటివాళ్లు దాన్ని మర్చిపోరు, మర్చిపోవాలని అడగలేం కూడా.

మొరుగుడు, ఎండ

మొరుగుతుందని ఫిర్యాదు వస్తే ముందు వేళలు రాయించండి. ఏడు రోజులు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మొరిగే కుక్క సంగతి ఆఫీసుకి పోయిన యజమానికి తెలిసే దారి లేదు. పాత ఫోన్ ఒకటి ఇంట్లో రికార్డింగ్‌లో పెట్టి వెళ్తే నిజం బయటపడుతుంది. వీధిలో పోయేవాళ్లని చూసి మొరిగేదైతే బాల్కనీ గ్రిల్లుకి మూడడుగుల ఎత్తు దాకా ఆవలికి కనపడని షీటు కడితే చాలావరకు తగ్గుతుంది. ఒంటరిగా ఉండలేక మొరిగేదైతే షీటుతో పనవ్వదు. తలుపేసి ఒక నిమిషం బయట నిలబడి రావడం, తర్వాత మూడు, ఐదు, పది నిమిషాలు, ఇలా రోజూ పెంచుకుంటూ పోవాలి. రెండు మూడు వారాలు పడుతుంది. తొందరపడి ఒక్కసారిగా గంటకి పెంచితే మొదటికొస్తుంది. పొద్దున అరగంట నడిచి అలసిన కుక్క మధ్యాహ్నం నిద్రపోతుందన్నది మాత్రం మర్చిపోకండి.

రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ మనుషులకే కష్టం. పడమటి బాల్కనీలో కుక్కని కట్టేసి వెళ్లడం దాని ప్రాణం తియ్యడమే. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు జాతులైతే మరీ. కుక్కకి మన మాదిరి చెమట పట్టదు, ఒళ్లు చల్లబడడానికి రొప్పడమే ముఖ్యమైన దారి. ముక్కు చిన్నదైతే ఆ దారీ ఇరుకే. మే నెలలో నడక పొద్దున ఆరున్నర లోపల, సాయంత్రం ఏడున్నర తర్వాత. చెయ్యి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టలేకపోతే దాని పాదాలూ పెట్టలేవు. వడదెబ్బ తగిలి నాలుక ముదురెరుపై, చొంగ కారుతూ తూలుతుంటే ముందు నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాను కింద పెట్టి, తర్వాతే ఆటో పిలవండి. ఇక్కడ ఒక చిక్కుంది. మధ్యాహ్నం రెండింటికి మేడ మీద ట్యాంకులోంచి వచ్చే నీళ్లు కాలిపోతుంటాయి. అందుకే వేసవిలో పొద్దున్నే రెండు బక్కెట్లు నింపి బాత్రూంలో నీడన ఉంచాలి.

వానాకాలానికి ఇంకో రకం సిద్ధం కావాలి. తుపాను వానకి స్టిల్ట్‌లో నీళ్లు నిలబడి, కరెంటు పోయి లిఫ్టు ఆగితే, బయటికి వెళ్తే తప్ప ఉచ్చ పొయ్యని కుక్క రెండ్రోజులు నరకం చూస్తుంది. సెప్టెంబరులోనే బాల్కనీలో ట్రే అలవాటు చెయ్యండి. ఎలుకల ఉచ్చ కలిసిన ఆ నిల్వ నీళ్లలో లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఉండొచ్చు, అది మనుషులకీ అంటుతుంది. ఏడాదికోసారి వేసే టీకాలో లెప్టో కూడా ఉందో లేదో చూసి, వానలకి ముందే వేయించండి.

అందరూ కలిసి చెయ్యాల్సినవి

పిడుదులు ఒక ఇంటి సమస్య కాదు. అవి కుక్క మీద ఉండే కాలం తక్కువ, గోడ పగుళ్లలో గుడ్లు పెట్టి దాక్కునే కాలం ఎక్కువ. ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. మీ కుక్కకి మందేసి స్టిల్ట్ పగుళ్లు వదిలేస్తే మూడు వారాల్లో మళ్లీ ఎక్కుతాయి. అపార్ట్‌మెంట్‌లోని కుక్కలన్నిటికీ ఒకే రోజు మందు, అదే రోజు పగుళ్లకి సిమెంటు లేదా పుట్టీ, మూలల్లో స్ప్రే. మూడు వారాలకి స్ప్రే ఇంకోసారి. పిడుదుల మందుల్లో వాడే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం, ఆరేదాకా పిల్లుల్ని బయటికి రానివ్వకండి.

ఎలుకల మందు పెట్టేముందు రెండ్రోజుల ముందే అన్ని ఫ్లాట్లకీ వాట్సాప్‌లో చెప్పాలి. బిళ్లల్లో ఉండే బ్రోమడియోలోన్ తిన్న కుక్క ఆ రోజు బాగానే తిరుగుతుంది. మూడు నుంచి ఐదు రోజులకి చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తుంది. అప్పటికి ఎలుకల మందు సంగతే ఎవరికీ గుర్తుండదు. తిన్నదని అనుమానం వచ్చిన రోజే తీసుకెళ్తే విటమిన్ కె1తో బతుకుతుంది, వారాల తరబడి వాడాలి. మందు రేపరు పారెయ్యకండి, డాక్టరుకి చూపించాలి. మన ఊళ్లలో రాత్రిపూట కుక్కలకి వైద్యం దొరకడం కష్టం. పెద్ద కేసులకి తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి, ఒంగోలువాళ్లకి గన్నవరం కాలేజీ ఉన్నాయి. జంతువుని ఎక్కించుకునే కారు డ్రైవరు నంబరు ముందే కనుక్కుని వాచ్‌మన్ గదిలో రాసి పెట్టండి. నొప్పితో ఉన్న కుక్క యజమానినీ కరుస్తుంది, కాబట్టి నోటికి తొడిగే బుట్ట రకం మజిల్ ఒకటి ఇంట్లో ఉండాలి.

కరిస్తే, గీరితే, అది టీకాలేసిన పెంపుడు కుక్కే అయినా, సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ప్రభుత్వాస్పత్రిలో రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో, కండకి వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో (0 అంటే మొదటి టీకా వేసే రోజు). మొదటి రెండు వేయించుకుని మానేస్తే చాలా ప్రమాదం. కరిచిన కుక్కని పది రోజులు కట్టేసి గమనించాలి, ఎక్కడికీ పంపకూడదు.

గేటు బయట వీధికుక్కల సంగతి కూడా సంఘానిదే. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు వాటికి తిండి పెట్టే చోటు ఏర్పాటు బాధ్యతని సంఘాల మీద, స్థానిక సంస్థల మీద పెట్టాయి. గేటుకీ, మెట్లకీ, పిల్లలు ఆడుకునే చోటుకీ దూరంగా, ఒకే వేళకి పెట్టి, మిగిలింది తీసెయ్యాలి.

అద్దె కాగితంలో రాయాల్సినవి

పదకొండు నెలల అగ్రిమెంట్‌లో కుక్క పేరెత్తకుండా చేరిపోవడం ఇద్దరికీ నష్టం. ఇల్లు చూడ్డానికి ఓనరు దగ్గరికి వెళ్లేటప్పుడే ఒక కవరు తీసుకెళ్లండి. అందులో కుక్క ఫోటో, వయసు, టీకాల పుస్తకం జెరాక్స్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఉంటే ఆ సర్టిఫికెట్టు, పాత ఓనరు నంబరు ఉండాలి. ఫోన్లో వద్దన్న ఓనర్లు కూడా ఈ కవరు చూసి కొంచెం మెత్తబడతారు.

అడ్వాన్సుకి తోడు ఇంకొంచెం అడిగితే ఇవ్వొచ్చు గానీ, అది దేనికో రాయించుకోండి. "పెంపుడు జంతువు వల్ల తలుపుల అడుగుభాగం, దోమల మెష్, గోడల కింది మూడడుగుల పెయింటు పాడైతే, బాగుచేసిన బిల్లు మేరకు మాత్రమే మినహాయించబడును" అని. ఈ వాక్యం లేకపోతే ఖాళీ చేసేటప్పుడు ఇల్లంతా పెయింటు ఖర్చు కుక్క ఖాతాలో పడుతుంది. చేరిన రోజు ప్రతి తలుపు అడుగునా, ప్రతి గోడ మూలా వీడియో తీసి ఓనరుకి అదే రోజు పంపండి. తలుపు కింద అడుగు ఎత్తున అల్యూమినియం షీటు కొట్టిస్తే గీతల గొడవే ఉండదు. పాలరాయి నేల ఉన్న ఇల్లు కుక్కతో వద్దు, ఉచ్చ మరక దిగితే పోదు. విట్రిఫైడ్ టైల్స్‌కి ఏమీ కాదు. పిల్లి ఉంటే బాల్కనీకి స్టీలు మెష్ బిగించడానికి ఓనరు అనుమతి రాయించుకోండి. పావురాల కోసం కట్టే నైలాన్ వలని పిల్లి కొరికేస్తుంది.

యజమాని ఊళ్లో లేనప్పుడు కుక్కని ఎవరు చూస్తారో ఒక పేరు, నంబరు కూడా ఆ కాగితంలో ఉండాలి. తలుపేసిన ఇంట్లో కుక్క అరుస్తుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియకపోవడమే పొరుగువాళ్లని ఎక్కువ విసిగించేది.

ఓనర్లు రాయించుకోవాల్సింది ఒకటుంది, ఎవరూ రాయించుకోరు. ఆ ఇంట్లో ఏ కుక్కపిల్లకైనా పార్వో (ప్రాణం తీసే అంటువ్యాధి) వచ్చి ఉంటే ఖాళీ చేసేటప్పుడు చెప్పాలి. ఆ వైరస్ ఫినాయిల్‌కి చావదు, మట్టిలో నెలల తరబడి ఉంటుంది. నేలంతా సబ్బుతో కడిగి, 30 లీటర్ల నీళ్లకి లీటరు లిక్విడ్ బ్లీచ్ కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. గుంటలో ఇసుక మొత్తం మార్చాలి. అయినా సరే, తర్వాత చేరేవాళ్ల దగ్గర నాలుగు నెలల లోపు పిల్ల ఉంటే, టీకాల కోర్సు పూర్తయి రెండు వారాలు గడిచేదాకా దాన్ని ఆ ఇంటికి తేవద్దని అద్దె మాట్లాడుకునే రోజే చెప్పెయ్యాలి.